సాలీడు గోడ మీద ఉంటే ఉండనివ్వండి, మీరు మాత్రం నీడలో ఉండండి

ప్రశ్న: నా వయసు 59. మా వారికి 66, బీపీకి రెండు రకాల మాత్రలు వేసుకుంటారు. మా అమ్మాయి వాళ్లు సిడ్నీకి పడమర పక్కన పెన్‌రిత్‌లో ఉంటారు. డిసెంబరు 20న బయలుదేరి ఫిబ్రవరి చివరిదాకా అక్కడే ఉండాలని టికెట్లు తీసుకున్నాం. చిన్నప్పటి నుంచీ నాకు పురుగంటే ఒళ్లు జలదరిస్తుంది. ఈమధ్య మా అల్లుడు వాళ్ల హాలు గోడ మీద అరచేయంత సాలీడు ఉన్న ఫొటో పంపి నవ్వాడు. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు. మేము వెళ్లేలోగా ఇల్లంతా పురుగుల మందు కొట్టించమని అమ్మాయికి చెప్పాలా? నాలుగేళ్ల మనవడు ఎప్పుడూ పెరట్లోనే ఆడుతుంటాడు. అక్కడ అప్పుడు వేసవి అన్నారు. ఎండ గురించి నాకు బెంగ లేదు, ఎండలు మాకు అలవాటే. ఇంకా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను భయపెట్టిన మాట ఒక్కటే ఉంది. అది ‘ఎండలు మాకు అలవాటే’ అన్నది. దాని దగ్గరికి వస్తాను. మీకు నిద్ర పట్టడం కూడా ముఖ్యం కాబట్టి ముందు ఆ సాలీడు సంగతి తేల్చేద్దాం.

మీ అల్లుడు పంపిన ఫొటోలో ఉన్నది దాదాపుగా హంట్స్‌మన్ అయి ఉంటుంది. చప్పిడి ఒళ్లు, పీతలా పక్కలకు చాచిన పొడుగు కాళ్లు, బూడిదరంగో గోధుమరంగో. గూడు అల్లదు, రాత్రిపూట గోడల మీద తిరుగుతూ పురుగుల్ని వేటాడుతుంది. దాని ఆకారం ఎంత భయంకరమో దాని వల్ల మనిషికి హాని అంత తక్కువ. బాగా విసిగిస్తే కరవవచ్చు, కాస్త నొప్పి పుడుతుంది, అంతే.

ఆస్ట్రేలియాలో నా మొదటి వేసవిలో ఒక రాత్రి మంచినీళ్ల కోసం లేచి వంటగదిలో దీపం వేశాను. గోడ గడియారం కింద ఎనిమిది కాళ్లూ పరుచుకుని ఉంది. దీపం వెలగగానే అది జానెడు దూరం పక్కకు పాకి ఆగిపోయింది. నేను అదీ చేయలేక గ్లాసు పట్టుకుని నిలబడిపోయాను. ఆ ఇంటావిడ వచ్చి, ఖాళీ ఐస్‌క్రీం డబ్బా తెచ్చి నెమ్మదిగా దాని మీద బోర్లించి, గోడకూ డబ్బాకూ మధ్య నుంచి ఒక దళసరి అట్ట జరిపింది. ప్లాస్టిక్ మీద దాని కాళ్లు గీరుకుంటున్న సన్నటి చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. పెరటి కంచె దగ్గర వదిలి వచ్చి, “మళ్లీ వస్తుందిలెండి, మా ఇంట్లో బొద్దింకలున్నాయి కదా” అంది మామూలుగా. డబ్బా, అట్ట వంటింట్లో ఒకచోట పెట్టించుకోండి. పట్టుకోవడం మీ వల్ల కాకపోతే అల్లుడికి అప్పజెప్పండి, ఫొటో పంపి నవ్వినందుకు శిక్షగా.

హంట్స్‌మన్‌తో అసలు ప్రమాదం కారులో. అది సన్ వైజర్ వెనక దాక్కుంటుంది. ఎండ పడుతోందని వైజర్ దించగానే ఒళ్లో పడితే, బండి నడిపేవాళ్లు బెదిరి స్టీరింగ్ వదిలేస్తారు. కారు ఎక్కగానే, బయలుదేరక ముందే, వైజర్లు ఒకసారి దించి చూడమని చెప్పండి. దారిలో కనిపిస్తే అరవకండి. పక్కకు ఆపమనండి, అందరూ దిగండి.

మీరు గుర్తు పెట్టుకోవలసిన సాలీళ్లు రెండు. మొదటిది రెడ్‌బ్యాక్. బఠాణీ గింజంత నల్లటి పొట్ట మీద ఎర్రటి చార ఉంటుంది, అది ఆడది. పెరటి కుర్చీల అడుగున, పోస్టు డబ్బాలో, ఎన్నాళ్లుగానో కదపని పూలకుండీ వెనక, పిల్లల మూడు చక్రాల సైకిలు సీటు కింద చిక్కు చిక్కుగా గూడు అల్లుకుని ఉంటుంది. దాని అంతట అది మీద పడదు. చూడకుండా వేళ్లు దూర్చినప్పుడే కరుస్తుంది. రెండోది సిడ్నీ ఫనెల్‌వెబ్. నల్లగా నిగనిగలాడుతూ బలిసినట్టుంటుంది, నేలలో సొరంగంలాంటి గూట్లో ఉంటుంది. వేసవి రాత్రుల్లో మగవి ఆడవాటిని వెతుక్కుంటూ బయట తిరుగుతాయి, వాటి విషమే ఎక్కువ ప్రమాదం. తలుపు కింది సందుల్లోంచి లోపలికి వస్తాయి, బయట వదిలిన బూట్లలో దూరతాయి. ఈత కొలనులో పడి చచ్చినట్టు కనిపిస్తాయి కానీ గంటల తరబడి బతికే ఉంటాయి. మనవడు దాన్ని చేత్తో తీయకుండా చూడండి.

ఫనెల్‌వెబ్ కాటుతో చనిపోయినట్టు నమోదైనవారు మొత్తం 13 మంది. దాని విరుగుడు మందు 1981లో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ మందు తయారీకి కావలసిన విషాన్ని సిడ్నీకి ఉత్తరాన ఉన్న ఆస్ట్రేలియన్ రెప్టైల్ పార్కులో పితుకుతారు. జనం తమ ఇళ్లలో సీసాల్లో పట్టిన సాలీళ్లను కూడా అక్కడికి చేరుస్తారు. రెడ్‌బ్యాక్‌కు 1956 నుంచే మందు ఉంది.

కాటుకు చికిత్స మాత్రం రెండింటికీ ఒకటి కాదు. రెడ్‌బ్యాక్ అయితే ఐసుగడ్డ గుడ్డలో చుట్టి కాటు మీద పెట్టాలి, కట్టు కట్టకూడదు. ఆ విషం నెమ్మదిగా పాకుతుంది, బిగించి కడితే నొప్పి పెరుగుతుంది. నొప్పి ఎక్కువైతే, చిన్నపిల్లాడైతే, ఆస్పత్రికి వెళ్లాలి. ఫనెల్‌వెబ్ అయినా, పాము అయినా వెంటనే కట్టు కట్టాలి. వెడల్పాటి క్రేప్ బ్యాండేజీతో ముందు కాటు మీద చుట్టి, తర్వాత ఇంకొకటి తీసుకుని వేళ్ల దగ్గర నుంచి పైకి, చెయ్యి లేదా కాలు మొత్తం చుట్టుకుంటూ రావాలి. మడమ బెణికినప్పుడు కట్టేంత బిగువు చాలు. కర్ర ఏదైనా ఆసరాగా కట్టి, ఆ మనిషిని కదలనివ్వకుండా కూర్చోబెట్టి 000కి ఫోను చేయాలి. నడిపించుకుంటూ కారు దగ్గరికి తీసుకెళ్లకూడదు. పాము కాటును కడగకూడదు, చర్మం మీద మిగిలిన విషం వైద్యులకు ఆనవాలు. తాడుతో గట్టిగా బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఎప్పుడూ వద్దు. అలాంటి బ్యాండేజీలు ఆరు కొని రెండు వంటింట్లో, రెండు కారులో, రెండు మీ సంచిలో ఉంచుకోండి. ఏది కరిచిందో తెలియక గాభరాగా ఉంటే విష సమాచార కేంద్రం నంబరు 13 11 26. రాత్రీ పగలూ పలుకుతారు.

ఇల్లంతా మందు కొట్టించాలా అన్నారు. వద్దు. నేల మీద కొట్టిన మందు తిరుగుతూ వచ్చే సాలీడును నమ్మకంగా ఆపదు, నేల మీద ఆడుకునే మీ మనవడికి మాత్రం అంటుకుంటుంది. దాని బదులు తలుపుల కింది సందుకు రబ్బరు పట్టీ వేయించమనండి, కిటికీల జాలీలు ఎక్కడైనా చిరిగితే అతికించమనండి. జాలీ తలుపు తెరిచి ఉంచి మాట్లాడుకునే అలవాటు మీకుంటే మానుకోండి, అమ్మాయితో మొదటి గొడవ దాని మీదే వస్తుంది. బూట్లు లోపలే పెట్టుకోండి, తొడిగే ముందు బోర్లించి ఒకసారి కొట్టండి. ఆరేసిన బట్టలు దులిపి మడవండి. తోటపనికి చేతి తొడుగులు వేసుకోండి, వాటినీ దులిపాకే.

ఇక ఎండ.

ఆస్ట్రేలియాలో వడగాడ్పులు మిగతా ప్రకృతి వైపరీత్యాలన్నీ కలిసి తీసిన ప్రాణాలకంటే ఎక్కువ ప్రాణాలు తీశాయి. కార్చిచ్చులు, వరదలు, తుపానులు అన్నీ కలిపి చెబుతున్నాను. పాము కాటుతో అక్కడ చనిపోయేవారు ఏడాదికి ఇద్దరు ముగ్గురు. మీరు వెళ్తున్న పెన్‌రిత్‌లోనే 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. సముద్రం ఆ ఊరికి దాదాపు 50 కిలోమీటర్ల దూరం, అక్కడి చల్లగాలి దారిలోనే వేడెక్కిపోతుంది. పడమట బ్లూ మౌంటెన్స్ కొండలు. అందుకే ఒడ్డున ఉన్నవాళ్లు చల్లగా ఉందనుకునే రోజున మీ అమ్మాయి వాళ్ల వీధి సలసల కాగుతుంది. వాతావరణం చూసేటప్పుడు ‘సిడ్నీ’ అంకె చూసి బయలుదేరకండి, పెన్‌రిత్ అంకె చూడండి.

అలవాటు గురించి చెబుతాను. ఎండకు అలవాటుపడటం అనేది మనసులోది కాదు, రక్తంలోనూ చెమట గ్రంథుల్లోనూ జరిగే మార్పు. రోజూ వేడిలో తిరుగుతుంటే వారం, రెండు వారాల్లో చెమట త్వరగా పట్టడం మొదలవుతుంది, చెమటతో పోయే ఉప్పు తగ్గుతుంది, ఒంట్లో నీటి నిల్వ పెరుగుతుంది. వేడి తగ్గాక కొద్ది వారాల్లో ఆ మార్పు కరిగిపోతుంది. మీరు చలికాలంలో విమానం ఎక్కుతారు. అక్కడ దిగేసరికి మీ ఒంటికి మే నెల ఎండలు గుర్తుండవు, మీకు మాత్రమే గుర్తుంటాయి. పైగా అరవై దాటాక దాహం ఆలస్యంగా తెలుస్తుంది. మొదటి పది రోజులు కొత్తవాళ్లమే అనుకుని మెలగండి.

ఇంకో మోసం ఉంది. ఆ ఊళ్లో వేడి గాలి దేశం నడిమధ్య ఎడారి వైపు నుంచి వస్తుంది, పొడిగా ఉంటుంది. చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. చొక్కా తడవదు, ఉక్క అనిపించదు, కాబట్టి చెమటే పట్టలేదనుకుంటారు. సాయంత్రం మెడ మీద చెయ్యి వేసి రాసి చూడండి, సన్నటి ఇసుకలా ఉప్పు తగులుతుంది. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి. కుళాయి నీళ్లు తాగవచ్చు, పార్కుల్లోనూ కుళాయిలుంటాయి, సీసా నింపుకుంటే చాలు. మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే ఆలస్యమైందని అర్థం.

గడియారమూ మోసం చేస్తుంది. అక్టోబరు నుంచి ఏప్రిల్ మొదటిదాకా ఆ రాష్ట్రంలో గడియారాలు గంట ముందుకు జరుపుతారు. సూర్యుడు నడినెత్తికి వచ్చేది పన్నెండుకు కాదు, ఒంటిగంట దగ్గర. జనవరిలో పొద్దు గూకేసరికి ఎనిమిది దాటుతుంది. ‘అయిదయింది కదా, అలా నడిచి వద్దాం’ అని మీ వారు చెప్పులు వేసుకుంటారు చూడండి, అప్పుడు ఆపండి. వడగాలి రోజుల్లో అయిదు గంటలకు రోడ్డు ఇంకా సెగలు కక్కుతుంటుంది. నడక పొద్దున ఏడులోపు, లేదా రాత్రి భోజనమయ్యాక.

ఇంట్లో ఉక్కగా ఉందని మధ్యాహ్నం కిటికీలు బార్లా తెరవడం మనందరికీ పుట్టుకతో వచ్చిన జబ్బు. బయట 42, లోపల 28 ఉన్నప్పుడు తెరిస్తే లోపలికి వచ్చేది గాలి కాదు, కొలిమి. ఎండ పడే వైపు తెరలు పొద్దున్నే దించేయండి, కిటికీలు మూసేయండి. వేడి రోజు సాయంత్రానికి ఒక్కోసారి దక్షిణం నుంచి చల్లగాలి దూసుకొస్తుంది, దాన్ని అక్కడ సదర్లీ బస్టర్ అంటారు. చెట్లు ఒక్కసారిగా ఊగుతాయి, కొద్దిసేపట్లోనే పది డిగ్రీల దాకా దిగిపోతుంది. లోపలికంటే బయట చల్లగా ఉందని తేలాకే కిటికీలు తెరవండి, జాలీలు మూసే ఉంచి. ఏసీ లేని గదిలో గాలి వేడి 38 దాటితే, పెద్ద వయసువారికి పొడి ఒంటి మీద ఫ్యాను గాలి మేలు చేయకపోగా కీడు చేయవచ్చు. చొక్కా తడిపి వేసుకుని, మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని అప్పుడు ఫ్యాను కింద కూర్చోవాలి. మరీ భరించలేని రోజున పబ్లిక్ లైబ్రరీకి వెళ్లండి. చల్లగా ఉంటుంది, కొనకుండా కూర్చున్నారని ఎవరూ అడగరు.

చర్మాన్ని మాడ్చే కిరణాలకు వేడితో సంబంధం లేదు. మబ్బు పట్టి 22 డిగ్రీలున్న రోజున కూడా ఆ కిరణాల తీవ్రతను చెప్పే యూవీ అంకె ప్రమాద స్థాయిలో ఉండవచ్చు. ఆ అంకె 3కి చేరితే ఒళ్లు కప్పుకోమంటారు, వేసవి మధ్యాహ్నాల్లో అది 11 దాటడం అక్కడ మామూలే. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి ఏడాదిలోకెల్లా దగ్గరగా ఉండటం కూడా దానికి కాస్త తోడవుతుంది. మన రంగు మనకు కొంత కాపు, పూర్తి కాపు కాదు, కళ్లకైతే అసలే కాదు. వెడల్పాటి అంచున్న టోపీ, నల్ల కళ్లద్దాలు, పొడుగు చేతుల నూలు చొక్కా. ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ సన్‌స్క్రీన్ బయలుదేరే ఇరవై నిమిషాల ముందు, ఒక్కో చేతికి ఒక టీ స్పూను చొప్పున. బొట్టు పెట్టినట్టు రాసుకుంటే లాభం లేదు, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. అక్కడి బడుల్లో టోపీ లేని పిల్లలను ఎండలో ఆడనివ్వరు. మీ మనవడే మీ నెత్తిన టోపీ పెట్టించవచ్చు.

వాడిని పార్కుకు తీసుకెళ్లినప్పుడు జారుడుబల్ల ఎక్కించే ముందు అరచేతి వెనక వైపు దాని మీద అయిదు సెకన్లు ఆనించి చూడండి. మీరు చెయ్యి తీసేస్తే వాడి తొడలు కాలతాయి. నల్లటి రబ్బరు నేల మీద ఉత్త కాళ్లతో నడవనివ్వకండి. కారులో సీటు బెల్టు ఇనుప కొక్కెం ఇస్త్రీపెట్టెలా చుర్రుమంటుంది, తువ్వాలు కప్పి ఉంచండి. రెండు నిమిషాల పనే కదా అని పిల్లాడిని ఆపిన కారులో ఒక్క క్షణం కూడా వదలవద్దు.

వడదెబ్బ ఆనవాలు ఇదీ: తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే నీడకు చేర్చి, పడుకోబెట్టి, ఒళ్లు తడిపి, నీళ్లు తాగించాలి. మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా, ఒళ్లు కాలిపోతున్నా ఇక ఇంటి వైద్యం లేదు. 000కి చేసి, వాళ్లు వచ్చేదాకా నీళ్లు పోస్తూ విసురుతూ ఉండండి, చంకల్లో గజ్జల్లో చల్లటి గుడ్డలు పెట్టండి, నోట్లో ఏమీ పోయవద్దు.

మిగతావి క్లుప్తంగా. కార్చిచ్చుల హెచ్చరికలకు ‘హజార్డ్స్ నియర్ మీ’ అనే యాప్ మీ ఫోనులోనూ పెట్టించుకోండి. కొండల్లోకి నడకకు వెళ్తే మూసిన బూట్లు, పొడుగు ప్యాంటు. పాము కనిపిస్తే కదలకుండా నిలబడండి, దానికీ మీకు దూరంగా పోవాలనే ఉంటుంది. గడ్డిలో నడిచి వచ్చాక చెవుల వెనక, జుట్టు మొదళ్లలో పిడుదులు చూసుకోండి. వేళ్లతో నలిపి లాగకండి, అది విషాన్ని లోపలికి కక్కుతుంది. అక్కడి మందుల షాపుల్లో దాన్ని గడ్డకట్టించే స్ప్రే దొరుకుతుంది, కొడితే చచ్చి రాలిపోతుంది. దోమలతో మలేరియా భయం లేదు, కానీ రాస్ రివర్ అనే జ్వరం వస్తే కీళ్ల నొప్పులు వారాలపాటు వదలవు. సాయంత్రం దోమల క్రీము రాసుకోండి, సన్‌స్క్రీన్ ముందు, దోమల క్రీము దాని మీద. సముద్రానికి వెళ్తే కాపలావాళ్లు పాతిన ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగండి. బ్లూబాటిల్ అనే, జెల్లీ చేపలాంటి నీలి జీవి కుడితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది.

పురుగుల భయం మీకే కాదు, ఆ దేశానికీ ఉంది. విమానంలో ఇచ్చే కార్డులో తినే పదార్థాలు, గింజలు, చెక్క వస్తువులు ఏవి తీసుకెళ్తున్నా ఉన్నాయనే రాయండి. రాసి చూపిస్తే మహా అయితే తీసుకుని పారేస్తారు, దాస్తే జరిమానా వేస్తారు. బూట్ల అడుగున మట్టి లేకుండా కడిగి మరీ వెళ్లండి.

మీలా చూడటానికి వెళ్లినవారికి అక్కడి ప్రభుత్వ వైద్యం, మెడికేర్, వర్తించదు. అంబులెన్సుకు కూడా బిల్లు వస్తుంది. బిల్లు తలచుకుని ఫోను చేయడానికి వెనకాడే పరిస్థితి రాకుండా ప్రయాణ బీమా తీసుకోండి. ఆయనకున్న బీపీ సంగతి అందులో దాచకుండా రాయండి.

చివరగా ఆ బీపీ మాత్రలు. కొన్ని రకాల బీపీ మాత్రలు ఒంట్లోని నీటినీ ఉప్పునూ మూత్రం ద్వారా బయటికి పంపి పనిచేస్తాయి. ఎండ కూడా అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే లేచి నిలబడగానే కళ్లు చీకట్లు కమ్మి పడిపోవచ్చు. అలాగని ఆయనంతట ఆయన మానేయకూడదు. బయలుదేరడానికి మూడు వారాల ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, 40 దాటే ఎండలున్న చోట రెండు నెలలు ఉంటామని చెప్పండి. మోతాదు మార్చాలా, రోజుకు ఎన్ని నీళ్లు తాగవచ్చు, ఓఆర్‌ఎస్‌లో ఉన్న ఉప్పు ఆయనకు పడుతుందా అని అడగండి. చీటీ మీద మందుల పేర్లు కంపెనీ పేర్లతో కాకుండా అసలు పేర్లతో, ఇంగ్లీషులో, స్పష్టంగా రాయించుకోండి. మాత్రలు చేతి సంచిలోనే ఉంచండి, పెట్టెలో వేయవద్దు.